రిసీవర్ కొనే ముందు గూడు కొలవండి

ఒంగోలులో ఇల్లు కట్టుకుంటున్న మా బావమరిది పోయిన వారం ఫోన్ చేశాడు. "బావా, హాల్లో హోమ్ థియేటర్ పెడదామనుకుంటున్నా. ఏ రిసీవర్ కొనమంటావు?" అన్నాడు. రిసీవర్ అంటే సెట్ టాప్ బాక్సు లాంటివాటి నుంచి బొమ్మనీ మాటనీ తీసుకుని, బొమ్మని టీవీకి పంపి, స్పీకర్లని నడిపే పెట్టె. "ముందు అది పెట్టే గూడు కొలిచి చెప్పరా" అన్నాను. "కంపెనీ పేరు అడిగితే అంగుళాలు అడుగుతావేంది?" అని నవ్వాడు. నవ్వితే నవ్వనీ. అంగుళాలు చూసుకోకుండా కొని ఒక రిసీవర్‌ని చంపినవాణ్ణి నేను.

నాది నెల్లూరులో మోటార్ వైండింగ్ షాపు. రైస్ మిల్లు మోటార్లు, బోరు మోటార్లు, ఇందుకూరుపేట, మైపాడు వైపు రొయ్యల గుంటల నుంచి వచ్చే, నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ మోటార్లు రోజూ విప్పుతుంటా. కాలిన మోటారు ఎందుకు కాలిందో సగం కేసుల్లో వాసన చూసే చెప్తా. అలాంటివాణ్ణి ఇంట్లో రిసీవర్‌ని మాత్రం అద్దం తలుపున్న ప్లైవుడ్ అరలో పెట్టి మూడు వేసవులు నడిపాను. అర వెనక కూడా ప్లైవుడ్డే. వైర్లు పోవడానికి కార్పెంటర్ రూపాయి బిళ్లంత బొక్క ఒకటి పెట్టాడు. పైన దుమ్ము పడకుండా మా అమ్మ లేసు గుడ్డ కప్పింది. దాని మీద సెట్ టాప్ బాక్సు.

2019 దసరాకి కొన్నది, 2022 రోహిణి కార్తెలో పోయింది. మొదట సినిమా మధ్యలో బొమ్మ రెండు సెకన్లు నల్లబడి మళ్లీ వచ్చేది. కేబుల్ అనుకుని కేబుల్ మార్చాను. నెల తిరిగేసరికి, బొమ్మనీ మాటనీ కలిపి మోసే హెచ్‌డీఎంఐలో ఏది పెట్టినా బొమ్మా లేదు, మాటా లేదు. రేడియో పెడితే మాత్రం పాట బ్రహ్మాండంగా వస్తోంది. అంటే ఆంప్లిఫయర్ బతికే ఉంది, పోయింది డిజిటల్ బోర్డు. వారంటీ రెండేళ్లు, అది ఎప్పుడో దాటిపోయింది. అట్టపెట్టె పాత ఇనుముకి వేసేశాం కాబట్టి దుప్పటిలో చుట్టి పినాకినిలో ఒళ్లో పెట్టుకుని చెన్నై తీసుకెళ్లాను. సర్వీసు సెంటర్లో కుర్రాడు మూత విప్పి బోర్డు తిప్పి చూపించాడు. పెద్ద చిప్పు ఉన్నచోట, కింది వైపు, అప్పడం కాలినట్టు గోధుమరంగు మచ్చ. మోటార్లో వైండింగు చుట్టూ పెట్టే ఇన్సులేషన్ కాగితం, స్లాట్ పేపర్ అంటాం, వేడికి మాడితే దాని మీద ఆ రంగుని నా షాపులో ఎన్నిసార్లు చూశానో. "ఎక్కడ పెట్టారు సార్ దీన్ని?" అన్నాడు. చెప్పడానికి సిగ్గేసింది. బోర్డు ఖరీదు రిసీవర్ ధరలో దాదాపు సగం, రావడానికి మూడు నెలలు అన్నారు. మళ్లీ దుప్పటిలో చుట్టుకుని వచ్చేశాను.

మోటారు పనిలో మాకొక నోటి లెక్క ఉంది. వైండింగ్ వేడి 10 డిగ్రీలు పెరిగితే ఇన్సులేషన్ ఆయుష్షు సగం పడిపోతుంది. రిసీవర్ లోపలుండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకీ, అంటే కరెంటుని కాసేపు దాచి ఉంచే చిన్న డబ్బీలకీ, ఇదే లెక్క. వాటి ఒంటి మీద 105 డిగ్రీలు అని రాసి ఉంటుంది. ఆ వేడిలో 2,000 గంటలు పనిచేసే రకం అనుకుందాం. 85 డిగ్రీల్లో నడిస్తే 8,000 గంటలు, 65 డిగ్రీల్లో నడిస్తే 32,000 గంటలు. రోజుకి నాలుగు గంటలు వాడే ఇంట్లో మొదటిది అయిదున్నరేళ్లు, రెండోది ఇరవై ఏళ్ల పైమాట. కంపెనీ అదే, మోడల్ అదే. తేడా అల్లా పెట్టిన చోటులో ఉంది.

వేడి ఎంత పుడుతుందో కూడా చూడండి. చాలా రిసీవర్లలో ఉండేది ఏబీ క్లాస్ ఆంప్లిఫయర్, అంటే సౌండు లేకపోయినా కొంత కరెంటు లాగుతూ వేడెక్కే రకం. ఇంట్లో మామూలు సౌండుతో సినిమా చూస్తుంటే కరెంటు 60 నుంచి 100 వాట్ల దాకా లాగుతుంది. స్పీకర్లకి పోయేది అందులో చిటికెడు, మిగతాదంతా వేడే. సౌండు తగ్గించినా ఇది పెద్దగా తగ్గదు. అరలో పాత వంద క్యాండిల్ బల్బు వెలిగించి తలుపు మూశారనుకోండి, అదే లెక్క. పైగా మనది నెల్లూరు. మేలో బయట 42, 43 ఉంటుంది, ఏసీ లేని హాల్లో రాత్రి తొమ్మిదికి కూడా 36 చూశాను. చాలా రిసీవర్ల మాన్యువల్లో 35 డిగ్రీల దాకానే వాడమని ఉంటుంది. అంటే గూట్లో పెట్టకముందే మనం గీత దాటేశాం.

అందుకే ముందు టేపు తీసుకోండి. మధ్యరకం రిసీవర్ సుమారు 43 సెంటీమీటర్ల వెడల్పు, 34 లోతు, 15 నుంచి 17 ఎత్తు ఉంటుంది. లోతు దగ్గర అందరూ మోసపోతారు. వెనక స్పీకర్ వైర్లు, హెచ్‌డీఎంఐ కేబుల్ వంపు కలిపితే ఇంకో 8, 10 సెంటీమీటర్లు కావాలి. మన కార్పెంటర్లు చేసే టీవీ యూనిట్ 14 నుంచి 16 అంగుళాల లోతు, అంటే 35 నుంచి 40 సెంటీమీటర్లు. దూరిస్తే దూరుతుంది గానీ వెనక గోడకి అతుక్కుపోతుంది, గాలి ఆడదు. ఖాళీ ఎంత వదలాలో మాన్యువల్లోనే రాసి ఉంటుంది. యమహా ఆర్‌ఎక్స్-వి రకం కొన్నిట్లో పైన 30, పక్కల 20, వెనక 20 సెంటీమీటర్లు అని ఉంటుంది. ఆ లెక్కన మామూలు ఇంట్లో ఏ గూడూ సరిపోదు. నా మటుకు నేను పైన కనీసం 15, పక్కల చెరో 5 ఉండి, వెనక పూర్తిగా తెరిచి ఉంటే సరే అంటాను. అదీ లేకపోతే ఫ్యాను పెట్టాల్సిందే. అన్నిటికంటే మేలు, టీవీ కింద తలుపుల్లేని బల్ల మీద పెట్టేయడం. అందం తక్కువ, ఖర్చు లేదు.

మా బావమరిది ఇంట్లో ఇంకో చిక్కుంది. ఒంగోలు పక్కనే చీమకుర్తి కాబట్టి గూడు అడుగుకీ పైకీ గెలాక్సీ గ్రానైటు వేయిస్తున్నాడు. ప్లైవుడ్ అయితే తర్వాతైనా కోసుకోవచ్చు, గ్రానైటు బిగించాక బొక్క పెట్టాలంటే పలక పగులుతుందేమోనని టెన్షన్. వేయక ముందే కోర్ కటింగ్ చేయించమన్నాను. పై పలకలో వెనక వైపు 12 సెంటీమీటర్ల బొక్క, కింది పలకలో ముందు వైపు అంతే వెడల్పున్న చీలిక. చల్లగాలి కింద ముందు నుంచి రావాలి, వేడిగాలి పైన వెనక నుంచి పోవాలి. రెండూ పైనే పెడితే వచ్చిన గాలి వచ్చినట్టే పోతుంది, రిసీవర్‌ని తాకదు.

ఫ్యాన్ల దగ్గర కొంచెం లెక్క కుదురుతుంది. వంద వాట్ల వేడిని, అర లోపలి గాలి బయటికంటే 5 డిగ్రీలకి మించి వేడెక్కకుండా తోసేయాలంటే, నిమిషానికి ఒక ఘనపు మీటరు గాలి చాలు. ఫ్యాన్ల భాషలో, అంటే నిమిషానికి ఘనపు అడుగుల్లో, 35 సీఎఫ్‌ఎం. కంప్యూటర్లలో వాడే 120 మిల్లీమీటర్ల 12 వోల్టుల ఫ్యాను ఒక్కటి ఆ పని చేస్తుంది. నేను చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌లో రెండు కొని, సప్లై 9 వోల్టులకి తగ్గించి, రెండూ మెల్లగా తిరిగేలా పెట్టాను. ఒకటే ఫుల్ స్పీడులో తిరిగితే సినిమాలో మాటలు లేని సీన్లో బుయ్‌మని వినిపిస్తుంది. ఫ్యాన్లు వేడిగాలిని బయటికి లాగేలా బిగించండి. బయటి గాలిని లోపలికి ఊదితే దుమ్మంతా రిసీవర్ కడుపులోకే. కొన్ని మోడళ్లకి వెనక 12 వోల్టుల ట్రిగర్ అని ఉంటుంది, రిసీవర్ ఆన్ చేస్తే దాన్లో కరెంటు వస్తుంది. అది ఇచ్చేది 100, 150 మిల్లీ ఆంపియర్లే. దానికి నేరుగా రెండు ఫ్యాన్లు తగిలించకండి, మధ్యలో చిన్న రిలే, అంటే కొద్ది కరెంటుతో పనిచేసే స్విచ్చి, పెట్టండి.

పెట్టాక ఊరికే వదలొద్దు. వంట సామాన్ల షాపుల్లో దొరికే తీగ ఉన్న డిజిటల్ థర్మామీటర్ కొని, దాని కొస రిసీవర్ మూతకి నాలుగు వేళ్ల పైన వేలాడదీసి, సినిమా మొత్తం చూసి అప్పుడు చదవండి. పావుగంటకి చూస్తే ఏమీ తెలియదు, వేడి ఎక్కడానికి గంటన్నర పడుతుంది. నా పాత అరలో తలుపు మూస్తే హాలు 36, లోపల 52. రిసీవర్ పోయాక, దాని చోట పాత ఆంప్లిఫయర్ పెట్టి నడిపి కొలిచాను, బుద్ధి ఆలస్యంగా వచ్చింది. బొక్కలు కోసి ఫ్యాన్లు పెట్టాక 40కి దిగింది.

ఇక కంపెనీ సంగతి. ఏది గట్టిది అని అడిగితే నేను పేరు చెప్పను. ఒకే కంపెనీలో ఒక ఏడాది మోడల్ రాయిలా ఉంటుంది, తర్వాతది ఏడిపిస్తుంది. కొత్త టెక్నాలజీతో మొదటి ఏడాది వచ్చిన మోడల్ మాత్రం వద్దంటాను. 2020లో మొదటిసారి వచ్చిన 8కే రిసీవర్లలో పేరున్న జపాన్ కంపెనీలవే కొన్ని, కొత్త గేమ్ బాక్సు నుంచి వచ్చే 4కే 120 హెర్ట్జ్, అంటే సెకనుకి 120 సార్లు మారే బొమ్మని దాటించలేకపోయాయి. లోపల చిప్పులో దోషం. ఒకరు బయట తగిలించుకునే చిన్న పెట్టె ఇచ్చారు, ఇంకొకరు బోర్డే మార్చి ఇచ్చారు. అమెరికాలో అయినా ఒంగోలులో అయినా కొన్నవాడికి తిరుగుడే. ఏడాదిన్నర పాతబడిన మోడల్ తీసుకుంటే ధరా తగ్గుతుంది, లోపాలూ బయటపడి ఉంటాయి.

షాపులో అడగాల్సింది వాట్ల గురించి కాదు. సర్వీసు ఎక్కడ, ఇంటికొచ్చి తీసుకెళ్తారా, మనమే మోయాలా, బిల్లు మీద సీరియల్ నంబర్ వేసిస్తారా, ఇవి అడగండి. విదేశాల నుంచి చవగ్గా తెచ్చిన 120 వోల్టుల పీసు అంటగట్టాలని చూస్తారు. దానికి వోల్టేజీ తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అదింకో వేడి పెట్టె, పైగా ఇక్కడ వారంటీ రాదు. వాట్లు చూసేటట్టయితే "8 ఓమ్, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, రెండు చానళ్లు నడుస్తుండగా" అని రాసిన అంకె చూడండి. పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండేది ఒక్క చానల్‌ని సౌండు చెదిరేదాకా తోసి కొలిచింది. వీలైతే ఎత్తి చూడండి. ఒకే ధరలో రెండిట్లో బరువున్నదాంట్లో ట్రాన్స్‌ఫార్మరూ, వేడిని బయటికి వదిలే హీట్ సింకూ పెద్దవయ్యే అవకాశం ఎక్కువ. సెకండ్ హ్యాండ్ అయితే అన్ని హెచ్‌డీఎంఐలూ ఒక్కొక్కటీ పెట్టి చూసి, మూత జల్లెడ దగ్గర ముక్కు పెట్టండి. మాడిన వార్నిష్ వాసన వస్తే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

కొన్నాక సెట్టింగుల్లోనూ వేడి తగ్గించుకోవచ్చు. స్పీకర్లని "స్మాల్" అని పెట్టి 80 హెర్ట్జ్ కింది బరువైన మోతంతా దానికోసమే ఉన్న పెద్ద స్పీకరు సబ్‌వూఫర్‌కి వదిలేస్తే రిసీవర్ మీద సగం బరువు దిగినట్టే, సబ్‌వూఫర్‌కి సొంత ఆంప్లిఫయర్ ఉంటుంది కదా. 4 ఓమ్ స్పీకర్లు 8 ఓమ్ వాటికంటే ఎక్కువ కరెంటు లాగి ఎక్కువ వేడెక్కిస్తాయి. ఈకో మోడ్ ఉంటే ఆన్ చేయండి. స్టాండ్‌బైలో హెచ్‌డీఎంఐ పాస్ త్రూ (రిసీవర్ ఆఫ్ చేసినా బొమ్మని టీవీకి పంపేది) వాడనివాళ్లు ఆపేయండి, ఆఫ్ చేశాక కూడా మూత గోరువెచ్చగా ఉందంటే కారణం చాలాసార్లు అదే. స్పీకర్ వైరు పోగు ఒక్కటి పక్క టెర్మినల్‌కి తగిలినా రిసీవర్ తనని తాను కాపాడుకోడానికి ఆగిపోయి, అంటే ప్రొటెక్షన్‌లోకి పోయి, ఎర్రలైటు కొట్టుకుంటుంది. వైరు కొసకి బిగించే బనానా ప్లగ్గులు వేస్తే ఆ గొడవ లేదు. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో మంచి పూత ఉన్నవే వేయండి, ఉప్పుగాలికి రాగి పోగులు ఏడాదిలో పచ్చబడతాయి.

వోల్టేజీ సంగతి వేసవిలో పల్లెల్లో ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. మంచి స్టెబిలైజర్ పెట్టండి, దాన్ని మాత్రం రిసీవర్ ఉన్న అరలో పెట్టకండి. స్క్వేర్ వేవ్ (చవక రకం) ఇన్వర్టర్ మీద రిసీవర్ నడపొద్దు, ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటుంది, వేడీ పెరుగుతుంది.

బల్లుల్ని మర్చిపోయాను. చలికాలంలో వెచ్చదనానికి జల్లెడలోంచి లోపలికి దూరి, బోర్డు మీద అడ్డంగా పడి, అదీ చచ్చి రిసీవర్‌నీ చంపుతుంది. నా దగ్గరికొచ్చిన మోటారు స్టార్టర్లలో ఎన్నిట్లో చూశానో. గూటి బొక్కలకి దోమల జాలీ కొట్టండి, రిసీవర్ మూత మీద మాత్రం వద్దు. ఆ జాలీకి దుమ్ము పడితే గాలి ఆగిపోతుంది కాబట్టి మూడు నెలలకోసారి ప్లగ్గు పీకి, మెత్తటి బ్రష్షుతో దులపండి.

నిన్న రాత్రి బావమరిది కొలతలు పంపాడు. వెడల్పు 60, ఎత్తు 28, లోతు 38. ఎత్తు తక్కువైనా ఫ్యాను పెడితే ఫరవాలేదు, లోతు చాలదు. వెనక గోడని రెండంగుళాలు చెక్కించమన్నాను, ప్లాస్టరింగ్ ఇంకా కాలేదు కాబట్టి. అద్దం తలుపు మాత్రం ఉండాల్సిందేనని మా చెల్లెమ్మ పట్టుబట్టింది. సరే, అయస్కాంతం మీద నిలబడేది చేయించి, సినిమా పెట్టినప్పుడు తీసి సోఫా వెనక ఆనించేట్టు ఒప్పందం కుదిరింది. మేలో ఒంగోలు వెళ్లినప్పుడు థర్మామీటర్ నేనే పట్టుకెళ్తా.