గోట్లాండ్‌లో మంత్రగాళ్లు: లెక్క తప్పకుండా కథ అల్లడం ఎలా

మాది బందరు. ఇప్పుడు ఉంటున్నది స్టాక్‌హోమ్‌లో, చేసేది అకౌంట్స్ పని. శనివారం రాత్రి మాత్రం ఐదుగురం మా వంటింటి బల్ల చుట్టూ చేరి, పాచికలు వేస్తూ, తలో పాత్ర పట్టుకుని కథ ఆడతాం. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. కథ నడిపేది నేను. రెండేళ్లుగా మా కథ గోట్లాండ్ ద్వీపం దాటి బయటికి పోలేదు.

గోట్లాండ్ బాల్టిక్ సముద్రంలో, స్వీడన్‌కు తూర్పున ఉన్న సున్నపురాయి ద్వీపం. నీనాస్‌హామ్న్ రేవులో ఫెర్రీ ఎక్కితే మూడు గంటల పైన ప్రయాణం. ఒకప్పుడు బాల్టిక్ వ్యాపారానికి ఇదే నడిబొడ్డు. అక్కడ రైతే వ్యాపారి. పంట పనులు చూసుకుని, ఓడేసుకుని రష్యాలో నొవ్‌గొరొద్ దాకా వెళ్లి బొచ్చుతోళ్లు, మైనం తెచ్చేవాడు. ఈ చరిత్రలోకి మంత్రగాళ్ల మఠాలను ఎలా దించాలో, నేను పడ్డ గుంటల్లో మీరు పడకుండా చెబుతాను. ఆట కోసమైనా, నవల కోసమైనా ఇదే పద్ధతి.

ముందు నా గుంట సంగతి. మొదటి శనివారం మంత్రగాళ్ల చేతికి నిప్పులు కక్కే శక్తి ఇచ్చాను. ఆటగాళ్లకు భలే నచ్చింది. గంట గడిచాక, 1361లో డెన్మార్క్ రాజు వాల్దెమార్ ఓడలతో వచ్చి ద్వీపాన్ని పట్టుకున్నాడని మాటల్లో అన్నాను. మా బృందంలో వరంగల్ కుర్రాడొకడు ఉన్నాడు. "అక్కా, గింత మంత్రం చేతుల ఉంటే ఆ ఓడలు ఒడ్డుకెట్ల వచ్చినయ్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కాఫీ పెట్టుకొస్తానని లేచాను. ఆ కాఫీ చాలాసేపు కాగింది.

అందుకే మంత్రానికి శక్తి ఇచ్చే ముందు హద్దు గీయండి. చరిత్రలో ఏం జరిగిందో అది జరగక తప్పదు. మీ మంత్రం దాన్ని ఎందుకు ఆపలేకపోయిందో కథ మొదలవకముందే మీకు తెలిసి ఉండాలి. అంత మంత్రం, ఇంత మంత్రం అని పాచికల మీద వదిలేస్తే ఏదో ఒక శనివారం దొరికిపోతారు.

పుస్తకం రెండు పేజీలుగా

ఒక నోట్‌బుక్ కొనండి. ఎడమ పేజీలో నల్ల సిరాతో నిజం, కుడి పేజీలో ఎర్ర సిరాతో అల్లిక. మూడు నెలలు పోతే ఏది చదివిందో ఏది కల్పించిందో మీకే గుర్తుండదు. గోట్లాండ్‌లో పుట్టిపెరిగిన ఒకాయన మా ఆఫీసులో ఉన్నాడు. ద్వీపంలోని విస్బీ పట్నం కోటగోడలో స్ఫటికం పెట్టి కట్టిన బురుజు ఉంది కదా అని భోజనాల దగ్గర ఆయనకే చెప్పాను, అదీ గొప్పగా. ఆయన చెంచా కింద పెట్టి నవ్వాడు. ఆ బురుజు నేను పుట్టించిందే. ఎర్ర సిరా అప్పటి నుంచే.

ఎడమ పేజీకి ద్వీపం చరిత్రంతా ఎక్కించకండి. ఒక కిటికీ చూసుకోండి చాలు. నా కిటికీ 1288 నుంచి 1361 దాకా. 1288లో విస్బీ పట్నానికీ చుట్టూ ఉన్న పల్లెలకూ అంతర్యుద్ధం జరిగింది. పట్నంలో జర్మన్ వ్యాపారులు బలపడ్డారు. వాళ్ల సెయింట్ మేరీ గుడికి 1225లోనే ప్రతిష్ఠ అయిపోయింది. పల్లెల్లో పాత గూతా రైతు వ్యాపారులు, అంటే ఆ ద్వీపం సొంత జనం. మధ్యలో పొడవాటి కోటగోడ, చుట్టుకొలత దాదాపు మూడున్నర కిలోమీటర్లు. సముద్రం వైపు గోడ ఉండడం సరే, పొలాల వైపు కూడా ఉంది చూశారా, కథంతా అక్కడే ఉంది. చివరికి స్వీడన్ రాజు మాగ్నుస్ లాదులోస్ కలగజేసుకుని రాజీ చేశాడు. ఊళ్లో పొలం గట్టు తగాదా చూసినవాళ్లకు ఆ రాజీ ఎలాంటిదో చెప్పక్కర్లేదు.

ద్వీపం చెప్పే కథే ముందు వినండి

మఠాలను గాల్లోంచి పుట్టించొద్దు. ఆ నేల మీద అప్పటికే ఉన్న నమ్మకం వెతకండి. గోట్లాండ్‌కు తన పుట్టుక కథ ఉంది, గూతాసాగా అంటారు. మొదట్లో ఆ ద్వీపం మాయలో ఉండేదట. పగలు నీళ్లలో మునిగి, రాత్రి పైకి తేలేదట. షెల్వర్ అనే మనిషి మొదటిసారి నిప్పు తెచ్చాక మళ్లీ మునగలేదట. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మొదటి మఠం అక్కడే దొరికింది.

వాళ్లకు కుంపటివాళ్లు అని పేరు పెట్టాను. తెలుగు పేర్లు పెట్టుకోవడం మంచిది. లాటిన్ పేర్లు పెడితే రెండో వారానికి ఎవరికీ నోరు తిరగదు. కుంపటివాళ్లు పల్లెవాళ్లు. ప్రతి ఇంట్లో షెల్వర్ నిప్పులోంచి వచ్చిన ఒక కణిక ఆరకుండా ఉంటుంది. ఆ నిప్పు పని కాల్చడం కాదు, నేలను నిలబెట్టడం. దానితో ఏదైనా కాలిస్తే, కాలినంత బరువుకు సరిపడా నేల సముద్రంలోకి పోతుంది. ఒక ఓడ కాలిస్తే ఒక పొలం హుష్‌కాకి. వరంగల్ కుర్రాడికి నా జవాబు ఇదే. ఈసారి తల ఊపాడు. "మరి పక్కోని పొలం ముంచొచ్చా?" అని వెంటనే అడిగాడనుకోండి, అది వేరే కథ.

రెండో మఠానికి వ్యాపారమే తల్లి

ఆ ద్వీపంలో 700 పైచిలుకు చోట్ల వెండి నిధులు దొరికాయి. అన్నిట్లో పెద్దది స్పిల్లింగ్స్ అనే పొలంలో 1999లో బయటపడింది. 9వ శతాబ్దంలో ఇంటి నేల కింద దాచిన వెండి, దాదాపు 67 కిలోలు. అందులో 14 వేలకు పైగా నాణేలు, చాలావరకు అరబ్బు దేశాలవి. ఖజార్లు అనే తూర్పు దేశపు జనం కొట్టిన ఒక నాణెం మీద అరబ్బీలో "మూసా దేవుని దూత" అని ఉంటుంది, మూసా అంటే మోషే.

ఇక్కడ అకౌంట్స్ బుద్ధి ఊరుకోదు. గూతాసాగా ప్రకారం, గోట్లాండ్ ద్వీపమంతా కలిపి స్వీడన్ రాజుకు ఏటా కట్టే కప్పం 60 మార్కుల వెండి. 40 రాజుకు, 20 ఆయన యార్ల్‌కు, అంటే రాజు కింది పెద్ద అధికారికి. మార్కును సుమారు 200 గ్రాములు అనుకుంటే 12 కిలోలు. అంటే ఒక్క రైతు ఇంటి కింద ద్వీపం మొత్తానికి ఐదేళ్ల కప్పం. ఇలాంటి లెక్క ఒకటి చేసి చూపిస్తే ఆటగాళ్లకు ఆ లోకం చేతికి తగులుతుంది. వంద పేజీల చరిత్ర చదివి వినిపించినా అంత తగలదు.

ఆ వెండిని చాలావరకు ముక్కలుగా కోసి తూచే వాడేవాళ్లు. నాణెం మీద ఎవరి బొమ్మ ఉందని కాదు, ఎంత తూగిందన్నదే లెక్క. కాబట్టి రెండో మఠం తక్కెడవాళ్లు. వాళ్ల సూత్రం ఒక్కటే: ఇటు పెడితే అటు పోవాలి. జ్వరం తగ్గిస్తే ఆ బరువు ఇంకెవరి మీదో పడుతుంది. గాలి తెప్పిస్తే ఇంకో ఓడకు గాలి ఆగిపోతుంది. సైన్యాన్ని ఆపాలంటే సైన్యమంత బరువు రెండో తట్టలో వేయాలి. ఎవరి దగ్గరుంది అంత? వీళ్లు ఎక్కడ ఉంటారో కూడా చరిత్రే చెప్పింది. నొవ్‌గొరొద్‌లో మైనం తూచే అధికారం సెయింట్ జాన్ గుడిని పట్టుకున్న మైనం వ్యాపారులది. గుడిలో తూకాలు! మఠం దాక్కోవడానికి ఇంతకన్నా మంచి చోటు నేను కల్పించలేను.

మూడోవాళ్లు స్ఫటికులు. గోట్లాండ్ సమాధుల్లో, నిధుల్లో స్ఫటికంతో చెక్కిన కటకాలు, అంటే లెన్సులు దొరికాయి, 11, 12 శతాబ్దాల నాటివి. కొన్నిటికి వెండి అంచు కట్టి నగలుగా చేశారు. కొన్నిటి వంపు ఎంత చక్కగా కుదిరిందంటే, అక్షరాన్ని పెద్దది చేసి స్పష్టంగా చూపిస్తాయి. వీళ్లకు ముందు పలుగువాళ్లు అని పేరు పెట్టాను, పలుగురాయి నుంచి. "పారలు కూడా ఉంటాయా?" అన్నారు మావారు. పేరు మార్చక తప్పలేదు.

స్ఫటికులు కటకంలో దూరదేశం చూస్తారు. కానీ ఓడ రావడానికి ఎన్ని రోజులు పడుతుందో, ఆ దృశ్యం రావడానికీ అన్నే రోజులు పడుతుంది. మరి ఎందుకూ పనికిరాని మంత్రం కదా అని అందరూ గోల పెట్టారు. ఎందుకు పనికిరాదు? సరుకు తుఫాన్లో పోయిందని ఓడవాడు అబద్ధమాడితే అప్పుడే పట్టేస్తారు. వాళ్లు ఆడిటర్లు. నా వృత్తి మీద నాకు ఆ మాత్రం అభిమానం ఉండదా?

వాళ్ల చోటు విస్బీలో డొమినికన్ అనే క్రైస్తవ సన్యాసుల సెయింట్ నికొలాయ్ గుడి. ఆ గుడి గోడలోని గుండ్రటి కిటికీల్లో రెండు మాణిక్యాలు వెలుగుతూ రాత్రుళ్లు ఓడలకు దారి చూపేవనీ, వాల్దెమార్ వాటిని ఎత్తుకుపోతుంటే కార్ల్స్ ద్వీపాల దగ్గర ఓడ మునిగిందనీ అక్కడి జనం చెప్పుకునే కథ. ఎర్ర సిరా పని సగం వాళ్లే చేసిపెట్టారు.

నిజం మనుషుల్ని గుమ్మం దాకే

ఆ డొమినికన్ సన్యాసుల మఠానికే పెత్రూస్ దె దాచియా అనే ఆయన పెద్దగా ఉండేవాడు. 1289లో పోయాడు. జర్మనీలో క్రిస్టీనా అనే స్త్రీని దయ్యాలు పీడించడం గురించి రాసిన మనిషి. మన కథకు ఎంత రుచో! ఆయన్ని మంత్రగాడిగా మార్చేయాలని చేతులు పీకుతాయి. మార్చకండి. చరిత్రలో పేరున్న మనిషి మీ కథలో తను నిజంగా చేసిన పనులే చేయాలి. మా ఆటలో ఆయన ఒక్కసారే కనిపిస్తాడు. రాత్రి పూట ఉత్తరం రాసుకుంటూ, తలుపు సందులోంచి. ఆటగాళ్లు ఆయన్ని ఇప్పటికీ అనుమానిస్తూనే ఉన్నారు. నేను అవుననలేదు, కాదనలేదు.

మొదటి రాత్రి బల్ల మీద ఏం పెట్టాలి

పెద్ద పటాలు, రంగు బొమ్మలు వద్దు. ఒక సానరాయి పెట్టండి. గోట్లాండ్‌లో తీమన్స్ అనే చోట 11వ శతాబ్దపు సానరాయి దొరికింది. దాని మీద రూనిక్ అనే పాత ఉత్తర ఐరోపా అక్షరాల్లో రెండు పేర్లు, ఓర్మిగా, ఉల్వేర్. తర్వాత నాలుగు చోట్లు: గ్రీసు, జెరూసలేం, ఐస్‌లాండ్, అరబ్బుల సెర్క్‌లాండ్. ఇంకేమీ లేదు. వెళ్లొచ్చారా, వెళ్లాలనుకున్నారా, రాయి చెప్పదు. అమ్మ బందరు నుంచి పంపిన కత్తుల సానరాయి మీద సుద్దముక్కతో ఆ నాలుగు పేర్లూ రాసి బల్ల మధ్యలో పెట్టాను. పది నిమిషాలు ఎవరూ పాచికలు ముట్టుకోలేదు.

మొదటి చిక్కు చిన్నదై ఉండాలి. నాది ఇది: 1288 వసంతం. పల్లె రైతు ఒకడు విస్బీలో మైనం దిమ్మ అమ్మడానికి వచ్చాడు. ఇంటి దగ్గర తూచినదానికన్నా పట్నం తక్కెడలో తక్కువ తూగుతోంది. మోసమా, మంత్రమా? తక్కెడవాళ్లు కాదంటారు, కుంపటివాళ్లు అరుస్తారు, స్ఫటికుల్ని పంచాయితీకి పిలుస్తారు. ఆ వారం ఆడితే చాలు, అంతర్యుద్ధం తలుపు దగ్గరికి దానంతట అదే వస్తుంది.

ఇక మఠాలు ఎందుకు చితికిపోయాయని కథ చివర్లో అడుగుతారు. దానికి మంత్రయుద్ధం అక్కర్లేదు. ఓడలు పెద్దవయ్యాయి, జర్మన్ రేవు లూబెక్ నుంచి తూర్పు రేవులకు మధ్యలో గోట్లాండ్‌లో ఆగకుండా పోసాగాయి. బందరులో పుట్టినదాన్ని, పెద్ద ఓడలు ఒడ్డుకు రాకుండా దూరాన లంగరేసే రేవు సంగతి నాకు వేరే చెప్పాలా? ఓడ ఆగని చోట తక్కెడకు పనేముంటుంది.

1361 జులై 27

ఆ రోజు విస్బీ గోడ బయట వాల్దెమార్ సైన్యం పల్లెవాళ్లను నరికేసింది. చనిపోయినవాళ్లు దాదాపు 1800 అంటారు. పట్నం తలుపులు మూసే ఉన్నాయి. కోర్స్‌బెత్నింగెన్ అనే చోట సామూహిక గోతులు తవ్వితే 1185 మంది ఎముకలు బయటపడ్డాయి. వాళ్లలో కుర్రపిల్లలు, ముసలివాళ్లు, అవిటివాళ్లు కూడా ఉన్నారు. ఇనుప వలల చొక్కాలు కూడా తీయకుండా పూడ్చేశారు. అక్కడ ఒక రాతి శిలువ ఉంది, వీళ్ల కోసం ప్రార్థించమని రాసి.

నేను వెళ్లినప్పుడు ఆ గడ్డి మీద కాసేపు నిలబడ్డాను. ఇంటికొచ్చి కుడి పేజీలో ఆ రోజుకు రాసుకున్నదంతా కొట్టేశాను. ఆ చావులకు ఏ మఠాన్నీ కారణం చేయకండి, ఏ మఠానికీ వాళ్లలో ఒక్కరిని కాపాడే మంత్రం ఇవ్వకండి. మీ ఆటగాళ్ల పాత్రలు ఆ పొలంలో ఉంటే ఉండనివ్వండి, గోడ మీద ఉంటే ఇంకా మంచిది. పాచికలు డబ్బాలోనే ఉంచి, జరిగింది జరిగినట్టు నిదానంగా చదవండి. పది నిమిషాలు పడుతుంది. ఆ రాత్రికి అక్కడితో ఆపి అందరికీ అన్నం పెట్టండి. తర్వాతి శనివారం జులై 29 నుంచి మొదలుపెట్టండి. ఆ రోజు పట్నం వాల్దెమార్‌కు లొంగిపోయింది. తలుపులు తెరుచుకున్నాయి, పల్లెలో కుంపట్లు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టాలి.