ఇంటి ట్యూనర్‌కు యాంటెనా – 4వ పాఠం: డైపోల్ దగ్గరే మరోసారి

ఈ పాఠంలో మీడియం వేవ్ లూప్ (ఏఎం స్టేషన్లను పట్టే తీగ చుట్ట) గురించి చెప్పుకోవాలి. దాన్ని చివర్లో చూద్దాం. 3వ పాఠం చదివి ఎఫ్‌ఎం డైపోల్ (మధ్యలో కేబుల్ తగిలించే రెండు రెక్కల యాంటెనా) కట్టుకున్నవాళ్లలో చాలామందికి మునుపటికన్నా అధ్వానంగా వినిపిస్తోందట. కారణాలు మూడు. మొదటి రెండూ తొందరగా తేలిపోతాయి, మూడోదాని దగ్గర కాసేపు కూర్చోక తప్పదు.

మొదటిది కొలత. 142.5ను మెగాహెర్ట్జ్‌లతో భాగిస్తే వచ్చేది ఒక చివర నుంచి రెండో చివర దాకా మొత్తం పొడవు, మీటర్లలో. 100 మెగాహెర్ట్జ్‌కు దాదాపు 142 సెంటీమీటర్లు, అంటే ఒక్కో రెక్క 71. కొందరు ఒక్కో రెక్కనే 142 చేశారు. అప్పుడు మధ్యలో ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డు) కేబుల్‌కు తగిన 75 ఓమ్‌లకు ఎన్నో రెట్లు పెరిగిపోతుంది, పట్టిన సిగ్నల్‌లో చాలా భాగం కేబుల్‌లోకి దిగదు. 71 దగ్గర కత్తిరించేయండి. 88కి మొత్తం 162, 108కి 132 వస్తుంది కాబట్టి మధ్యస్థంగా 142 అన్ని స్టేషన్లకూ సరిపోతుంది. ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా చెవికి తెలియదు.

రెండోది సీసం అంటుకోకపోవడం. కేబుల్ టీవీకి వాడే ఆర్‌జీ-6 వైరులో జాలీ (నడిమి తీగ చుట్టూ ఉండే సన్నని పోగుల అల్లిక) చాలావాటికి అల్యూమినియందే ఉంటుంది. మామూలు సీసం దాన్ని పట్టదు. పట్టడం లేదని ఇంకా వేడి చేస్తే లోపలి తెల్ల ఫోమ్ కరిగి నడిమి తీగ పక్కకు జరిగి జాలీని తాకుతుంది. ఇక్కడ సోల్డరింగ్ ఐరన్ బయటికే తీయకండి. ఎలక్ట్రికల్ షాపులో దొరికే స్క్రూల ప్లాస్టిక్ స్ట్రిప్ కనెక్టర్ నుంచి రెండు గదుల ముక్క కోసుకోండి. జాలీని వెనక్కి మడిచి, పురిపెట్టి, ఒక గదిలో బిగించండి. నడిమి తీగను రెండో గదిలో పెట్టండి. వెండి కాగితంలా ఉండే ఫాయిల్‌ను ఒక సెంటీమీటరు వెనక్కి కోసేయండి. నేనైతే ఇంట్లో కట్టినా ఇలాగే చేస్తాను, ఎప్పుడైనా విప్పి చూసుకోవచ్చు. డాబా మీద కడితే మాత్రం పరీక్షలన్నీ అయ్యాక దాని మీద ఎమ్‌సీల్ పూయండి. ఉత్త ఇన్సులేషన్ టేపు ఒక్క ఎండాకాలానికే ఊడిపోతుంది.

ఇక మూడోది. మల్టీమీటరును కంటిన్యూయిటీలో పెట్టి చూసినవాళ్ల నుంచి “మీటరు బీప్ కొట్టింది, కనెక్షన్ అంతా బాగానే ఉంది, అయినా స్టేషన్ రావడం లేదు” అనే మాట పదేపదే వస్తోంది. సాదా డైపోల్‌కు మీటరు బీప్ కొట్టిందంటే అది పాడైనట్టు. దయచేసి ఈ ముక్క గట్టిగా గుర్తుపెట్టుకోండి.

సాదా డైపోల్‌లో ఒక రెక్క నడిమి తీగకు, రెండో రెక్క జాలీకి. రెక్కలు ఒకదాన్నొకటి ఎక్కడా తాకవు, కాబట్టి మీటరు పంపే కరెంటుకు దారే లేదు. బీప్ వచ్చిందంటే ఆ రెండూ ఎక్కడో కలిశాయి. సిగ్నల్ ట్యూనర్ దాకా రాకుండా అక్కడే షార్ట్ అయిపోతోంది. చాలాసార్లు దోషం కింద ట్యూనర్‌కు తగిలించే ఎఫ్ పిన్నులో ఉంటుంది. వెంట్రుకంత జాలీ పోగు ఒకటి నడిమి తీగ మీద పడి ఉంటుంది. పిన్ను విప్పి వెలుతురులో చూడండి, కనిపిస్తుంది.

పరీక్ష ఇలా చేయండి. కేబుల్‌ను ట్యూనర్ నుంచి ఊడదీయండి. లేకపోతే ట్యూనర్ లోపలి కాయిల్ వల్ల కూడా బీప్ రావచ్చు. పిన్ను నడిమి తీగకూ బయటి లోహానికీ మీటరు పెట్టండి. బీప్ రాకూడదు. ఇప్పుడు పైన స్ట్రిప్ దగ్గర రెండు స్క్రూలనూ ఒక వైరు ముక్కతో కలపండి. ఇప్పుడు రావాలి. ముక్క తీసేస్తే ఆగిపోవాలి. మూడూ జరిగితేనే కేబుల్ బాగున్నట్టు, ఎందుకంటే మధ్యలో తెగిన కేబుల్ కూడా బీప్ కొట్టదు. ముక్క పెట్టకుండానే బీప్ వస్తే స్ట్రిప్ నుంచి కేబుల్ ఊడదీసి చూడండి. ఆగితే దోషం పైన. ఆగకపోతే పిన్నులోనో, మేకు క్లిప్పు నొక్కేసిన చోటో.

ట్యూనర్ పెట్టెలో వచ్చే టీ ఆకారపు చదును వైరుకు లెక్క తిరగబడుతుంది. అది ఫోల్డెడ్ డైపోల్, 300 ఓమ్‌లది. తీగ ఒక స్క్రూ నుంచి బయల్దేరి పైన చుట్టి రెండో స్క్రూకు వస్తుంది. దానికి బీప్ రావాలి. రాకపోతే ఎక్కువగా తెగేది టీ అతుకు దగ్గర. ఇక 300 నుంచి 75కు మార్చే బాలన్ లోపల ఉన్నది చుట్టలే కాబట్టి దానివైపు నుంచి కొలిస్తే యాంటెనా ఎలా ఉన్నా బీప్ రావచ్చు. బాలన్ తీసేసి కొలవండి.

ఇనుప కిటికీ ఊచలకు, బీరువాకు దూరంగా కట్టాలన్నది తెలిసిందే. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి పెట్టి విని, బాగున్నదే ఉంచుకోండి. ట్యూనర్ మీది సిగ్నల్ మీటరు నిండుగా ఉన్నా ‘స’, ‘శ’ చిరచిరమంటుంటే సిగ్నల్ తక్కువై కాదు. ఎదురు భవనం మీద పడి తిరిగొచ్చిన సిగ్నల్ అసలుదానితో కలుస్తోంది. డైపోల్‌ను 70, 80 సెంటీమీటర్లు పక్కకు జరిపి చూడండి.

అమెరికా నుంచి తెచ్చుకున్న ట్యూనర్లవాళ్లకు ఒక మాట. హైదరాబాద్‌లో రెయిన్‌బో 101.9 శుభ్రంగా వచ్చి, వివిధ భారతి 102.8 మాత్రం గరగరలాడితే యాంటెనాను అనుమానించకండి. అక్కడి ట్యూనర్లు కొన్ని 0.2 చొప్పున బేసి అంకెల మీదే ఆగుతాయి: 102.7, తర్వాత 102.9. మీడియం వేవ్‌లో అక్కడ ఒక్కో అడుగు (స్టెప్) 10 కిలోహెర్ట్జ్, మనకు 9. హైదరాబాద్ 738, విజయవాడ 837, విశాఖ 927, మూడూ 9తో నిశ్శేషంగా భాగమవుతాయి. 10 అడుగుతో ఒక్కటీ సరిగ్గా అందదు. వెనక అడుగు మార్చే స్విచ్ ఉందేమో చూడండి.

మీడియం వేవ్ లూప్ సంగతి. పెట్టెలో వచ్చినదాన్నే వాడండి. దాని చుట్లు ఆ ట్యూనర్‌కు లెక్కగట్టినవి, పొడిగిస్తే చెడుతుంది. ట్యూనర్ మీద పెట్టకండి, ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ చార్జర్, ఇన్వర్టర్ దగ్గరా వద్దు. అదనంగా 5 నుంచి 10 మీటర్ల వైరు ఏఎం టెర్మినల్‌కు తగిలించినా లూప్‌ను తీసేయకండి. ఉరుములు మొదలయ్యేలోపే బయటి వైర్లన్నీ ట్యూనర్ నుంచి ఊడదీయండి.

అభ్యాసం: పగటిపూట ఏదైనా మీడియం వేవ్ స్టేషన్ పెట్టి లూప్‌ను అంగుళం అంగుళం తిప్పండి. లూప్ అంచు స్టేషన్‌వైపు ఉన్నప్పుడు ధ్వని బలంగా, వెడల్పు ముఖం అటు తిరిగినప్పుడు బాగా తగ్గిపోతుంది. తగ్గిన చోటే కచ్చితంగా తెలుస్తుంది, దాన్నే పట్టుకోండి. అప్పుడు వెడల్పు ముఖం చూస్తున్న దిశను దిక్సూచితో చూసి, మ్యాపు మీద మీ ఇంటి గుండా గీత గీయండి. కనీసం మూడు స్టేషన్లకు, ఒక్కోదానికి మూడు రోజులు కొలిచి రాసుకోండి. రాత్రి చేయకండి, ఆకాశం నుంచి దిగే తరంగాలు కలిసి ఆ తగ్గుదల చెదిరిపోతుంది. గీత స్టేషన్ ట్రాన్స్‌మిటర్ ఉన్న ఊరి పక్క నుంచి కాకుండా మరెటో పోతే, లూప్ దగ్గర ఇనుము ఏదో ఉంది. దాన్ని జరిపి మళ్లీ కొలవండి. 5వ పాఠం ఈ గీతలతోనే మొదలవుతుంది.