ప్లగ్‌లు మార్చాక మిస్సింగా? ముందు మీ సాకెట్ చూడండి

పెట్రోల్ కారు స్పార్క్ ప్లగ్‌లు ఇంట్లోనే మార్చుకునేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. మంచిదే. కానీ మార్చిన సాయంత్రమే ఫోన్ వస్తుంది: 'ప్లగ్‌లు డూప్లికేట్‌వి అంటగట్టినట్టున్నాడు, ఇంజన్ మిస్సింగ్ కొడుతోంది' అని. డూప్లికేట్‌వి ఉండవని కాదు. నా దగ్గరికి వచ్చిన బళ్లలో మాత్రం తప్పు ఎక్కువగా ప్లగ్‌ది కాదు, దాన్ని బిగించిన సాకెట్‌ది, అంటే ప్లగ్ తల మీద తొడిగి తిప్పే గొట్టం లాంటి పనిముట్టుది. ఇంజన్ చల్లారాకే చెయ్యి పెట్టడం, ప్లగ్‌కి కరెంటు పంపే కాయిల్ ఊడదీయడం మీకు తెలుసనుకునే రాస్తున్నా.

స్టార్ట్ చేయగానే వణుకు, చెక్ ఇంజన్ లైటు

కాయిల్ కనెక్టర్ 'టిక్' మనేదాకా నొక్కారా? నొక్కాననే అంటారు అందరూ. ఒక్కోదాన్నీ పట్టుకుని కొంచెం లాగి చూడండి, ఒకటి చేతికొచ్చేస్తుంది.

అవన్నీ గట్టిగానే ఉంటే సాకెట్‌ను తిరగేసి లోపలికి చూడండి. ప్లగ్ తలను పట్టుకునే రబ్బరు బుష్ ఉందా? చవక సాకెట్లలో అది వదులుగా ఉంటుంది. ప్లగ్ బిగించి సాకెట్ పైకి లాగితే రబ్బరు ప్లగ్ మీదే ఉండిపోతుంది. దాని మీద కాయిల్ కూర్చుంటే ప్లగ్‌కి సరిగా తగలదు. అందుకే కాయిల్ పెట్టేముందు ప్లగ్ కూర్చునే ప్రతి గుంటలోకీ టార్చి వేసి చూడాలి. సాకెట్, దానికి తగిలించే పొడుగు కడ్డీ (ఎక్స్‌టెన్షన్) కలిసేచోట రెండు చుట్లు ఇన్సులేషన్ టేపు చుట్టండి. లేకపోతే ఒక్కోసారి సాకెట్ మొత్తం గుంటలోనే ఉండిపోతుంది.

సాకెట్ ప్లగ్ మీద కూర్చోదు, లేదా జారుతుంది

సైజు తేడా. ఇప్పటి కార్లలో ఎక్కువగా 16 ఎంఎం, కొన్నింటిలో 14. పాత కార్బురేటర్ బళ్లకు 21 ఎంఎం ప్లగ్ పానా కావాలి. కొనేముందు కొత్త ప్లగ్‌ని జేబులో వేసుకెళ్లి షాపులోనే పెట్టి చూడండి. మామూలు డీప్ సాకెట్ సైజు సరిపోయినా వద్దు, లోపల రబ్బరుగానీ అయస్కాంతంగానీ ఉండదు. బైక్ టూల్‌కిట్‌లో వచ్చే గొట్టం పానా అసలే వద్దు.

ఇంటి ముందు బాగుంది, ఘాట్ ఎక్కితే మిస్సింగ్

ఇదే అందరినీ తిప్పలు పెట్టేది. ఐడ్లింగ్ సాఫీగా ఉంటుంది. నిలబెట్టి రేస్ చేసినా ఏమీ తెలియదు. నలుగురు ఎక్కి, ఏసీ వేసి, శ్రీశైలం ఘాట్‌లో మూడో గేర్‌లో తొక్కితే గుక్కపట్టినట్టు ఆగి ఆగి లాగుతుంది. పెట్రోల్ కల్తీ అంటారు, ఇంజెక్టర్లు క్లీన్ చేయిస్తారు, చివరికి పెట్రోల్ పంపు మోటారు కూడా మార్చేస్తారు. అసలు రోగం ప్లగ్ మీది తెల్ల పింగాణీలో వెంట్రుకంత చీలిక.

సాకెట్‌ని తిప్పే రాచెట్ హ్యాండిల్‌ని ఒక పక్కకు లాగినప్పుడు సాకెట్ వంగుతుంది, దాని గోడ పింగాణీని పక్కనుంచి నెడుతుంది. పింగాణీ పక్కనుంచి వచ్చే ఒత్తిడికి ఓర్చుకోదు. ఆరు పలకల భాగానికి కాస్త పైన చిట్లుతుంది, చప్పుడు కూడా వినపడదు. లోడ్ లేనప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి తక్కువ, ప్లగ్ కొనలోని గ్యాప్‌లో స్పార్క్ తేలిగ్గా దూకుతుంది. లోడ్ పడితే ఒత్తిడి పెరుగుతుంది, దూకడానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి. అప్పుడు కరెంటు సులువైన దారి చూసుకుని, చీలికలోంచి ప్లగ్ ఇనుప ఒంటికి పోతుంది.

పట్టుకునే పద్ధతి ఇది. తప్పుల కోడ్ చదివే స్కానర్‌లో పీ0302 వస్తే 2వ సిలిండర్. ముందు ఆ కాయిల్‌ని పక్క సిలిండర్ కాయిల్‌తో మార్చి, కోడ్ చెరిపి, మళ్లీ లోడ్ మీద నడపండి. కోడ్ కాయిల్‌తోపాటు పక్క సిలిండర్‌కి మారితే తప్పు కాయిల్‌ది, లేదా దాని కింద ప్లగ్ మీద తొడుక్కునే రబ్బరు బూట్‌ది. మారకపోతే ప్లగ్ మార్చి చూడండి. రెండూ ఒకేసారి మార్చకండి, ఏది దోషో తేలదు.

ప్లగ్ తీశాక పొడి గుడ్డతో తుడిచి, ఎండలో తిప్పుతూ చూడండి. పైనుంచి కిందికి సన్నటి నల్ల గీత ఉన్నా, పింగాణీ వేళ్లకు కదిలినా పారేయండి. పలకల పైన చుట్టూ గోధుమరంగు మరక కనిపిస్తే కంగారు పడొద్దు, అది మామూలే. దాన్ని చూసి మంచి ప్లగ్‌లు పారేసినవాళ్లున్నారు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. చీలిన ప్లగ్‌తో కొన్నాళ్లు తిరిగితే బూట్ లోపల కూడా గీత పడుతుంది. ప్లగ్ ఒక్కటే మారిస్తే ఆ గీత వెంబడే కరెంటు మళ్లీ పారిపోయి కొత్త ప్లగ్‌నీ పాడుచేస్తుంది. బూట్‌ని టార్చి వెలుగులో చూడండి. గీత ఉంటే అదీ మార్చాల్సిందే. చాలా కాయిల్స్‌కి బూట్ విడిగా దొరుకుతుంది.

రాకుండా ఉండాలంటే రాచెట్ ఇంజన్ కవర్‌కి తగలకుండా తిరిగేంత పొడవు ఎక్స్‌టెన్షన్ తీసుకోండి. ఒక అరచేత్తో రాచెట్ తలను నిటారుగా నొక్కిపట్టి, రెండో చేత్తో తిప్పండి. గుంట నిటారుగా ఉన్న ఇంజన్‌కి నన్నడిగితే రాచెట్ కన్నా పొడవాటి టీ పానా మేలు, రెండు చేతుల బలం సమానంగా పడుతుంది. వంగే జాయింట్ వేరే దారి లేనప్పుడే. కింద పడిన ప్లగ్ చూడటానికి బాగున్నా వాడకండి.

ప్లగ్ రెండు చుట్లకే బిగుసుకుంటుంది

మర తప్పింది, వెంటనే ఆపండి. ప్లగ్ తలకు జానెడు రబ్బరు పెట్రోల్ పైపు తొడిగి, దాన్నే వేళ్లతో తిప్పుతూ దించండి. మర తప్పితే పైపు జారుతుంది, ప్లగ్ బిగుసుకునే ఇంజన్ హెడ్ బతుకుతుంది. ప్లగ్ తీసేముందే సైకిల్ పంపుతో గుంటలో మట్టి ఊదేయడం మరవకండి.

ప్లగ్ దగ్గర టిక్ టిక్ చప్పుడు

ప్లగ్ లూజుగా ఉంది. అల్యూమినియం హెడ్‌లో వాషర్ ఉన్న 14 ఎంఎం మర ప్లగ్‌కి 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 ఎంఎం మరకి 15 నుంచి 20. ఆ బలాన్ని కొలిచి బిగించే టార్క్ రెంచ్ లేకపోతే, వాషర్ ఉన్న కొత్త ప్లగ్‌ని చేత్తో ఆగేదాకా తిప్పి, ఆపైన పానాతో అర చుట్టు చాలు. మరకి గ్రీజు రాయకండి, తెలియకుండానే ఎక్కువ బిగిస్తారు.

గుంటలో ఆయిల్ ఉంటే వాల్వ్ కవర్ సీలు మార్పించండి. హెడ్‌లో మర పూర్తిగా పోతే లేతు పనివాడి దగ్గరికి వెళ్లాల్సిందే. కొన్ని జర్మన్ బళ్లకు పన్నెండు పలకల 14 ఎంఎం సాకెట్ కావాలి, ఆ బండి ఉన్నవాళ్లకు ఆ సంగతి ముందే తెలిసి ఉంటుంది.