హాస్కెల్ బిల్డ్ ఆగిపోయిందా? తప్పు టైపుదో ప్యాకేజీదో ముందు తేల్చుకోండి

హాస్కెల్ భాషలో రాసిన ప్రోగ్రాములను, వాటికి కావలసిన ప్యాకేజీలను కలిపి కట్టే పనిముట్టు కబల్. కబల్ బిల్డ్ కొట్టగానే తెర నిండా ఎర్ర అక్షరాలు పరుచుకుంటే, వాటిని చదివే ముందు బిల్డ్ ఎక్కడ ఆగిందో చూడండి. ఒక్క ఫైలైనా కంపైల్ కాకముందే ఆగితే అది సాల్వర్ (ప్యాకేజీల వెర్షన్లకు పొంతన కుదిర్చే కబల్ భాగం) గొడవ. మీ కోడ్‌ని ఎంత మార్చినా అది తీరదు. ఫైలు పేరు, లైను నంబరు చెప్పి ఆగితే మాట్లాడుతున్నది కంపైలర్. అయితే కంపైలర్ చూపించే టైప్ ఎర్రర్ల వెనక కూడా చాలాసార్లు ప్యాకేజీ వెర్షనే ఉంటుంది. ఆ తేడా పట్టుకోకపోతే, బాగున్న కోడ్‌ని సరిదిద్దుతూ పూట గడిచిపోతుంది.

ముందుగా తేలికైనది. ‘కుడ్ నాట్ లోడ్ మాడ్యూల్’ అని, కింద ‘హిడెన్ ప్యాకేజ్’ అన్న మాట కనిపిస్తే ప్యాకేజీ యంత్రంలో ఉంది, మీ కబల్ ఫైలులో దాని పేరు లేదు. బిల్డ్-డిపెండ్స్‌లో చేర్చండి. మాడ్యూల్ పేరూ ప్యాకేజీ పేరూ ఒకటే కానక్కర్లేదు: డేటా.మ్యాప్ ఉండేది కంటైనర్స్‌లో, కంట్రోల్.మొనాడ్.స్టేట్ ఉండేది ఎమ్‌టీఎల్‌లో. చేర్చాక కూడా అదే ఎర్రర్ వస్తుంటే ఏ విభాగంలో చేర్చారో చూసుకోండి. లైబ్రరీ, ఎగ్జిక్యూటబుల్, టెస్ట్-సూట్ దేని జాబితా దానిదే. లైబ్రరీలో రాసినది టెస్టులకు వర్తించదు. అన్నిటికీ కావలసినవి కామన్ విభాగంలో పెట్టి ఇంపోర్ట్ చేసుకోవచ్చు. దానికి ఫైలు మొదట్లో కబల్-వెర్షన్ కనీసం 2.2 ఉండాలి.

ఈ ఇబ్బందిని దాటడానికి ‘కబల్ ఇన్‌స్టాల్ --లిబ్’ వాడమని కొందరు చెబుతారు. ఆ దారి పట్టకండి. అది హోమ్ డైరెక్టరీలో ఒక గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫైలు రాసిపెడుతుంది. కొన్ని నెలల తర్వాత, హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీతో వచ్చే ఇంటరాక్టివ్ సాధనం జీహెచ్‌సీఐని నేరుగా తెరిచినప్పుడు ఎప్పటిదో పాత వెర్షన్ ఎందుకు వస్తోందో అంతుపట్టదు. ఇప్పటికే వాడేసి ఉంటే ఆ ఫైలు తీసేస్తే చాలు.

ఇక సాల్వర్ సంగతి. హాస్కెల్ ప్యాకేజీల వెర్షన్ నంబర్లను పీవీపీ (ప్యాకేజ్ వెర్షనింగ్ పాలసీ) అనే నియమం ప్రకారం చదవాలి. 2.1.3.0 అని ఉంటే మేజర్ వెర్షన్ అంటే మొదటి రెండు అంకెలు కలిపి, అంటే 2.1. వేరే భాషల నుంచి వచ్చినవాళ్లు మొదటి అంకెనే చూసి, 2.1 నుంచి 2.2కి వెళితే ఏమీ కాదనుకుంటారు. ఇక్కడ ఆ మార్పుతో ఫంక్షన్లు మాయం కావచ్చు, టైపులు మారిపోవచ్చు. మూడో అంకె పెరిగితే కొత్తవి చేరాయని మాత్రమే అర్థం. అందుకే హద్దును ^>=2.1.3 అని రాయడం మంచిది. అంటే 2.1.3 గానీ ఆ పైది గానీ, 2.2 కంటే తక్కువ. పై హద్దు అసలే రాయకపోతే ఇవాళ ఏమీ కాదు, ఇబ్బందంతా వచ్చే ఏడాది ఆ ప్రాజెక్టు తెరిచేవారిది.

అన్నిటికన్నా ఎక్కువ తగాదాలు తెచ్చేది బేస్ ప్యాకేజీ, అంటే హాస్కెల్ మూల లైబ్రరీ. అది కంపైలర్‌తో కట్టేసినట్టు వస్తుంది: జీహెచ్‌సీ 9.4కి బేస్ 4.17, 9.6కి 4.18, 9.8కి 4.19. మిగతా ప్యాకేజీల్లా సాల్వర్ దీన్ని మార్చలేదు. మీ దగ్గర 9.6 ఉండి, ఏదో ప్యాకేజీ బేస్ 4.18 కంటే తక్కువ కావాలంటే ఇక రాజీ లేదు.

‘కుడ్ నాట్ రిజాల్వ్ డిపెండెన్సీస్’ కింద వచ్చే పొడవాటి వరసలో ‘ట్రయింగ్’ లైన్లు వదిలేసి ‘రిజెక్టింగ్’ లైన్లు వెతకండి. వాటి చివర బ్రాకెట్లలో ‘కాన్‌ఫ్లిక్ట్’ అని, ఒక ప్యాకేజీ పేరు, బాణం గుర్తు, ఒక హద్దు ఉంటాయి. బాణానికి ఎడమవైపున్నది అడుగుతున్నవాడు, కుడివైపున్నది అతని షరతు. మీకు కావలసింది ఆ ఎడమవైపు పేరే. వరస మరీ గజిబిజిగా ఉంటే --మినిమైజ్-కాన్‌ఫ్లిక్ట్-సెట్ అనే ఆప్షన్‌తో మళ్లీ నడపండి, సంబంధం లేని పేర్లు రాలిపోతాయి. ‘బ్యాక్‌జంప్ లిమిట్ రీచ్డ్’ అని వస్తే మాత్రం దారి లేదని తేలినట్టు కాదు. మామూలుగా ఉండే 4000 పరిమితి దగ్గర సాల్వర్ వెతకడం ఆపేసింది, అంతే. పరిమితి పెంచండి, లేదా ఒకటి రెండు ప్యాకేజీల వెర్షన్లు మీరే ఖాయం చేసి దాని పని తగ్గించండి.

అడ్డుపడుతున్న ప్యాకేజీ పేరు తెలిశాక మొదట కబల్ అప్‌డేట్ చేయండి, కొత్త వెర్షన్ ఇప్పటికే వచ్చి ఉండవచ్చు. రాకపోతే కంపైలర్ వెర్షన్లను అమర్చే జీహెచ్‌సీఅప్‌తో ఒక మెట్టు పాత కంపైలర్‌కి దిగండి. రెండూ కుదరనప్పుడే, పై హద్దును పట్టించుకోవద్దని సాల్వర్‌కి చెప్పే అలౌ-న్యూయర్. దాన్ని కూడా ప్యాకేజీ పేరు, కోలన్, బేస్ అని ఒక్క జంటకే పరిమితం చేసి కబల్.ప్రాజెక్ట్‌లో రాయండి. పేరు లేకుండా అన్నిటికీ తెరిచేస్తే ఇన్ని ప్యాకేజీల రచయితలు రాసుకున్న పై హద్దులన్నీ ఒక్క దెబ్బతో పోతాయి. పైగా అలౌ-న్యూయర్ తీసేది హద్దును మాత్రమే. నిజంగానే ఆ ఫంక్షన్ మారిపోయి ఉంటే ఈసారి ఎర్రర్ మీది కాని కోడ్‌లో వస్తుంది.

అంతా కుదిరాక, ఎంచుకున్న వెర్షన్లన్నీ రాసిపెట్టే కబల్ ఫ్రీజ్ నడిపి, వచ్చిన కబల్.ప్రాజెక్ట్.ఫ్రీజ్ ఫైలుని గిట్‌లో పెట్టండి. ఇది అప్లికేషన్లకు మాత్రమే. లైబ్రరీకి హద్దులు చాలు. ఇండెక్స్-స్టేట్ తేదీ (ప్యాకేజీల జాబితా ఏ రోజుదో చెప్పేది) కూడా అందులో ఉండేలా చూసుకోండి. హాస్కెల్ ప్యాకేజీల భాండాగారం హ్యాకేజ్‌లో ఒక వెర్షన్ కోడ్ మారకపోయినా, దాని హద్దులను తర్వాత సవరించే వీలుంది. తేదీ కట్టేయకపోతే నిన్నటి బిల్డ్ ప్లాన్ ఇవాళ రాకపోవచ్చు. కబల్‌కి బదులు స్టాక్ అనే బిల్డ్ సాధనం వాడేవారికి ఈ తలనొప్పి తక్కువ: దాని ప్యాకేజీల సమితి అయిన ఒక స్టాకేజ్ ఎల్‌టీఎస్‌లో అన్నీ ఒకే కంపైలర్‌తో కలిసి బిల్డ్ అయ్యే వెర్షన్లే ఉంటాయి, అందులో లేనిదాన్ని ఎక్స్‌ట్రా-డెప్స్‌లో కచ్చితమైన నంబరుతో రాస్తే సరి.

ఇప్పుడు టైప్ ఎర్రర్ వేషం వేసుకొచ్చే వెర్షన్ గొడవలు. అందరికీ తగిలేది జేసన్ డేటాను చదివే, రాసే ప్యాకేజీ ఏసన్. 2021లో వచ్చిన 2.0లో జేసన్ ఆబ్జెక్ట్ లోపలి హ్యాష్‌మ్యాప్ పోయి కీమ్యాప్ వచ్చింది, తాళంచెవి టైపు టెక్స్ట్ బదులు కీ అయింది. పాత కోడ్ మీద ‘కీ కావాలి, టెక్స్ట్ ఇచ్చావు’ అన్న ఎర్రర్ వస్తుంది. విచిత్రంగా కొన్ని లైన్లలో రాదు. ఓవర్‌లోడెడ్‌స్ట్రింగ్స్ అనే భాషా ఎక్స్‌టెన్షన్ ఆన్ చేసి ఉంటే కొటేషన్ గుర్తుల మధ్య నేరుగా రాసిన పేర్లు తమంతట తామే కీగా మారిపోతాయి, వేరియబుల్‌గా పంపినవే దొరికిపోతాయి. అలాంటి చోట డేటా.ఏసన్.కీలోని ఫ్రమ్‌టెక్స్ట్ పెట్టండి. ఏసన్‌ని 1.5 దగ్గర కట్టేసి ఊరుకుంటే నాలుగు రోజులు గడుస్తుందేమో గానీ, కంపైలర్ మార్చిన రోజున ఆ ముడి విప్పక తప్పదు.

ఎమ్‌టీఎల్ 2.3ది మరో తీరు. అంతకుముందు కంట్రోల్.మొనాడ్.స్టేట్ ఇంపోర్ట్ చేస్తే వెన్, ఫర్ఎమ్ లాంటివి వెంట వచ్చేవి. 2.3 నుంచి రావు. జీహెచ్‌సీ 9.6తో వచ్చేది 2.3.1 కాబట్టి, కంపైలర్ మార్చగానే ‘వేరియబుల్ నాట్ ఇన్ స్కోప్’ అని వరసగా వస్తాయి. కంట్రోల్.మొనాడ్‌ని విడిగా ఇంపోర్ట్ చేస్తే పోతాయి.

‘టెక్స్ట్‌కీ టెక్స్ట్‌కీ కుదరలేదు’ అన్నట్టు కనిపించే ఎర్రర్‌లో పూర్తి పేరు చదవండి. ఒకదానిలో లేజీ అన్న ముక్క ఉంటుంది. లేజీ టెక్స్ట్, స్ట్రిక్ట్ టెక్స్ట్ రెండు వేర్వేరు టైపులు. టుస్ట్రిక్ట్, ఫ్రమ్‌స్ట్రిక్ట్ అందుకే ఉన్నాయి.

వీటిలో ఏదీ కాకపోతే నిజమైన టైప్ ఎర్రరే. ప్రతి టాప్-లెవెల్ ఫంక్షన్‌కీ సిగ్నేచర్ (దాని టైపు చెప్పే లైను) రాయండి. లేకపోతే కంపైలర్ తానే టైపు ఊహించే ఇన్ఫరెన్స్ మీ తప్పునే నిజమనుకుని, ఆ ఫంక్షన్‌ని పిలిచిన చోట ఎర్రర్ చూపిస్తుంది, మీరేమో నిర్దోషిని పట్టుకుని నిలదీస్తారు. -వాల్ (-Wall) అనే కంపైలర్ ఆప్షన్ పెడితే సిగ్నేచర్ లేనిచోట హెచ్చరిస్తుంది. ఎర్రర్‌లో ‘ఎక్స్‌పెక్టెడ్’ అంటే చుట్టూ ఉన్న కోడ్ కోరుతున్నది, ‘యాక్చువల్’ అంటే మీరు రాసినది. ఏం రాయాలో తోచని చోట ఒక అండర్‌స్కోర్ పెట్టి కంపైల్ చేయండి. అక్కడ కావలసిన టైపు, అందుబాటులో ఉన్న వేరియబుల్స్, సరిపోయే ఫంక్షన్లు కంపైలర్ జాబితా వేసి ఇస్తుంది. ఇంత ఉపయోగపడే సౌకర్యాన్ని ఇంత తక్కువగా వాడటం వింతే.

ఫంక్షన్ టైపుకి షో ఇన్‌స్టెన్స్ (విలువను అక్షరాలుగా చూపే తీరు) లేదంటే ఎక్కడో ఒక ఆర్గ్యుమెంట్ ఇవ్వడం మర్చిపోయారు. స్ట్రింగ్‌కి నమ్ ఇన్‌స్టెన్స్ లేదంటే అంకెను మాటతో కూడుతున్నారు. రెండు సందర్భాల్లోనూ ఇన్‌స్టెన్స్ రాయడం పరిష్కారం కాదు. ‘యాంబిగ్యుయస్ టైప్’ అంటే రీడ్ లాంటిది ఏ టైపులోకి చదవాలో తేలలేదు. రీడ్ పక్కన @ గుర్తు, వెంటనే ఇంట్ అని రాయండి. ఇక్కడో మడతపేచీ ఉంది. ఉత్త జీహెచ్‌సీఐలో పనిచేసినది కబల్ బిల్డ్‌లో ఆగిపోవచ్చు. 9.2 నుంచి కంపైలర్ తనంతట తాను జీహెచ్‌సీ2021 భాషను తీసుకుంటుంది, మీ కబల్ ఫైలు డిఫాల్ట్-లాంగ్వేజ్‌లో మాత్రం హాస్కెల్2010 అని ఉంటుంది. అక్కడ మార్చండి, లేదా ఈ @ రాతను అనుమతించే టైప్‌అప్లికేషన్స్‌ని విడిగా ఆన్ చేయండి.

‘రిజిడ్ టైప్ వేరియబుల్’ ఎర్రర్‌కి మామూలు కారణం, వేర్ కింద రాసిన లోపలి సిగ్నేచర్‌లోని ఎ, పైనున్న ఎ ఒకటే అనుకోవడం. పై సిగ్నేచర్‌లో ఫరాల్ రాసి, స్కోప్డ్‌టైప్‌వేరియబుల్స్ ఆన్‌లో ఉంటేనే అవి ఒకటవుతాయి.

కంపైలర్ మార్చేటప్పుడు ఫ్రీజ్ ఫైలుని పక్కకి తీసి పెట్టండి. పాత బేస్ నంబరు అందులో కచ్చితంగా రాసి ఉంటుంది కాబట్టి, అది ఉన్నంతసేపూ కొత్త జీహెచ్‌సీతో సాల్వర్ మొదటి అడుగులోనే ఆగుతుంది. ముందు కబల్ బిల్డ్ --డ్రై-రన్‌తో ప్లాన్ కుదురుతుందో లేదో చూసి, బిల్డ్, టెస్టులు పూర్తయ్యాక కొత్త ఫ్రీజ్ తీయండి.