ఎవరి స్పీడు ఎక్కువ? గీతల మధ్య లెక్కపెట్టి తేల్చుకోండి

ఆదివారం వచ్చిందంటే మా ఇంట్లో ఒకటే గొడవ. మా అక్క కొడుకు ఫ్రాన్స్ ఫుట్‌బాల్ ఆటగాడు ఎంబాపే కంటే వేగంగా పరిగెత్తేవాడు లేడంటాడు. వాడి చెల్లెలు కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌లో వింగర్, అంటే మైదానం పక్క అంచు వెంట పరిగెత్తి దాడి చేసే ప్లేయర్. నెదర్లాండ్స్ డిఫెండర్ మిక్కీ వాన్ డి వెన్‌ని ఎవరూ అందుకోలేరంటుంది. అల్వాల్‌లో మా వీధి చివర హోటల్లో ఇరానీ చాయ్ దగ్గర మొదలయ్యే వాదన, ఇంట్లో కంచాల ముందు కూర్చునే దాకా సాగుతుంది. చివరికి ఇద్దరూ "మామా, నువ్వు చెప్పు" అని నా వైపు తిరుగుతారు. ఇరవై రెండేళ్లుగా స్కూల్, కాలేజీ అథ్లెటిక్ మీట్లలో నేను టైమ్‌కీపర్‌ని. స్టాప్‌వాచ్ పట్టుకుని ఫినిష్ లైన్ పక్కన నిలబడటం నా పని.

వాళ్లకి నేను పేరు చెప్పను. తేల్చుకునే పద్ధతి చెప్తాను. మీ ఇంట్లోనూ, హాస్టల్లోనూ ఇదే గొడవ నడుస్తుంటే ఈ పద్ధతి పనికొస్తుంది.

ముందుగా ఏ స్పీడు గురించి మాట్లాడుతున్నారో ఒప్పుకోండి. సగం వాదనలు ఇక్కడే ఆగిపోతాయి. నిలబడ్డ చోటు నుంచి మొదటి పది మీటర్లు ఎంత తొందరగా దాటాడన్నది ఒక లెక్క. ఊపందుకున్నాక ఎంత వేగం దాకా వెళ్లాడన్నది ఇంకో లెక్క. ఫుట్‌బాల్‌లో ఎక్కువ పరుగులు పది, ఇరవై మీటర్లలోనే అయిపోతాయి, కాబట్టి నా దృష్టిలో మొదటిదే విలువైనది. కానీ టీవీలో వేసేది, జనం పోట్లాడుకునేది రెండోదాని గురించే. బంతితో పరిగెత్తడం మూడోది, 85వ నిమిషంలో కూడా అదే వేగం ఉండటం నాలుగోది. నాలుగూ కలిపేసి "ఎవరు ఫాస్ట్" అని అడిగితే జవాబు రాదు. ఒకటి ఎంచుకుని కాగితం మీద రాసుకోండి. నవ్వులాట కాదు, నిజంగా రాయండి. వాదన వేడెక్కాక మాట మార్చడం అందరికీ అలవాటే.

తర్వాత, నంబర్ ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. 2024 జనవరి 31న బ్రెంట్‌ఫర్డ్ మీద ఆడుతూ వాన్ డి వెన్ గంటకు 37.38 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. అప్పటికి ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో అదే రికార్డు. అంతకు ముందు సీజన్లో ఇంగ్లండ్ డిఫెండర్ కైల్ వాకర్ 37.31 దాకా వెళ్లాడు. కెనడా ఆటగాడు అల్ఫోన్సో డేవిస్‌కి 2020లో జర్మనీ లీగ్‌లో 36.51 నమోదైంది. 2022 ఖతార్ వరల్డ్ కప్‌లో ఫిఫా లెక్కల ప్రకారం ఘనా వింగర్ కమాల్దీన్ సులేమానాది 35.7, ఎంబాపేది 35.3.

వీటిని ఒకే వరసలో పేర్చి "వాన్ డి వెన్ గెలిచాడు" అనడం తప్పు. మా మేనకోడలు చేసింది అదే. లీగ్‌లో కొలిచేది ఒక సంస్థ, వరల్డ్ కప్‌లో కొలిచేది ఇంకొకటి. క్లబ్ ప్రాక్టీసులో ఆటగాళ్లు వేసుకునే చొక్కాలోని జీపీఎస్ ముక్క చెప్పేది మరొకటి. మ్యాచ్‌లో స్టేడియం కెమెరాలు ఒక్క క్షణంలో తాకిన వేగాన్ని పట్టుకుంటాయి. ఆ క్షణం ఎంత చిన్నది, ముందూ వెనుకా ఎన్ని రీడింగులు కలిపి సగటు తీశారు అన్నదాన్ని బట్టి గరిష్ఠ వేగం నంబర్ ఒక కిలోమీటరు అటూ ఇటూ జరగడం పెద్ద విషయం కాదు. అందుకే మా ఇంట్లో ఒక నియమం పెట్టాను. వాదన జాతీయ జట్ల గురించైతే, ఒకే టోర్నమెంట్‌లో ఒకే పద్ధతిలో కొలిచిన నంబర్లనే పక్కపక్కన పెట్టాలి. క్లబ్ నంబర్ తెస్తే అందరికీ క్లబ్ నంబర్లే, అదీ ఒకే లీగ్‌వి. ఈ నియమంతో చూస్తే ఖతార్‌లో ఎంబాపే కంటే సులేమానా ముందున్నాడు. మా మేనల్లుడికి ఆ మాట చేదుగానే ఉంది. కానీ తేడా 0.4 మాత్రమే. అంత చిన్న తేడా మీద నేనైతే పందెం కాయను.

ఫుట్‌బాల్ వీడియో గేమ్ రేటింగులు అసలు తేవద్దు. ఎంబాపేకి పేస్, అంటే వేగం, 97 అని మా వాడు ఎన్నిసార్లు అన్నాడో. ఆ 97 మనుషులు కూర్చుని ఇచ్చిన మార్కు, ఎవరూ కొలిచింది కాదు. ఒక్కటి మాత్రం ఆ గేమ్ సరిగ్గా చేసింది. పేస్‌ని యాక్సిలరేషన్ (ఊపందుకోవడం), స్ప్రింట్ స్పీడ్ (ఊపందుకున్నాక వేగం) అని రెండుగా విడదీసింది.

ఇక మీరే కొలవడం. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది.

వరల్డ్ కప్ మైదానం పొడవు 105 మీటర్లు. మధ్య గీత నుంచి గోల్ లైన్ దాకా 52.5. గోల్ ముందు గీసే పెద్ద డబ్బా, అంటే పెనాల్టీ బాక్స్, దాని లోతు 16.5. తీసేస్తే మధ్య గీత నుంచి బాక్స్ గీత దాకా సరిగ్గా 36 మీటర్లు. సెకనుకు పది మీటర్లంటే గంటకు 36 కిలోమీటర్లు. రెండు చోట్లా 36 కుదరడంతో లెక్క నోటితోనే చెయ్యొచ్చు. ఆ దూరాన్ని 3.6 సెకన్లలో దాటితే సగటు వేగం గంటకు 36. నాలుగు సెకన్లు పడితే 32.4. మిగతా వాటికి 129.6ని సెకన్లతో భాగించండి.

టీవీ ముందు స్టాప్‌వాచ్ మాత్రం నొక్కకండి. ఇది టైమ్‌కీపర్‌గా చెప్తున్న మాట. స్టార్ట్‌లో వేలు ఆలస్యంగా కదులుతుంది, ఫినిష్‌లో మనిషి వస్తుండటం కనిపిస్తుంది కాబట్టి ముందే నొక్కేస్తాం. అందుకే ట్రాక్ మీద 100 మీటర్లకి చేత్తో తీసిన టైమ్‌ని ఎలక్ట్రానిక్ టైమ్‌తో పోల్చాలంటే 0.24 సెకను కలుపుతారు. 3.6 సెకన్ల పరుగులో 0.24 తేడా వస్తే వేగం రెండు కిలోమీటర్లకు పైగా మారిపోతుంది.

అందుకే ఫ్రేమ్‌లు, అంటే వీడియోలో వరసగా వచ్చే ఒక్కో బొమ్మ, లెక్కపెట్టాలి. కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌లో వీడియో తెరిచి, కీబోర్డు మీద ఇంగ్లిష్ 'ఇ' నొక్కితే ఒక్కో ఫ్రేమ్ ముందుకు జరుగుతుంది. సెకనుకు ఎన్ని ఫ్రేమ్‌లో టూల్స్‌లో కోడెక్ సమాచారం దగ్గర ఉంటుంది. 25 అయితే 3240ని మీరు లెక్కపెట్టిన ఫ్రేమ్‌లతో భాగించండి. 90 ఫ్రేమ్‌లు పడితే 36, 96 పడితే 33.75. సెకనుకు 50 ఫ్రేమ్‌ల వీడియో అయితే 3240 బదులు 6480. స్లో మోషన్ రీప్లే వద్దు, ఆట జరుగుతున్నప్పటి షాటే కావాలి. మధ్యలో కెమెరా మారితే ఆ వీడియో పక్కన పెట్టేయండి.

ట్రాక్ మీద ఫినిష్‌లో మేం ఛాతీ చూస్తాం. ఇక్కడ పాదం చూడండి. పాదం గడ్డి మీద ఆనుతుంది కాబట్టి గీతతో పోల్చగలం. ఛాతీ గీతకు మీటరు పైన ఉంటుంది, పక్క కోణం నుంచి చూస్తే ముందే దాటినట్టు కనిపించి మోసం చేస్తుంది. పాదం సరిగ్గా గీత మీదే పడాలని లేదు, పరుగులో ఒక్కో అడుగు రెండు మీటర్ల పైనే ఉంటుంది. గీతకు ముందు అడుగు ఏ ఫ్రేమ్‌లో పడింది, తర్వాతి అడుగు ఏ ఫ్రేమ్‌లో పడింది చూసి, గీత ఏ అడుగుకి దగ్గరుంటే అటు జరిపి మధ్య ఫ్రేమ్ తీసుకోండి.

బాక్స్ గీత నుంచి లోపల గోల్ దగ్గరుండే చిన్న బాక్స్ గీత దాకా 11 మీటర్లు ఉంది కదా, అక్కడ కొలిస్తే చాలదా అని మేనకోడలు అడిగింది. చాలదు. 11 మీటర్లకి 1.1 సెకను పడితే వేగం 36. రెండు చివర్లా ఒక్కో ఫ్రేమ్ పొరపాటు పడితే ఆ 36 కాస్తా 33.6 నుంచి 38.8 వరకు ఏదైనా కావచ్చు. 36 మీటర్ల మీద అదే పొరపాటు 35.2 నుంచి 36.8 లోపలే ఉంటుంది. పొడవు దూరం మీద కొలవడమే నయం.

ఆటగాడు ఏటవాలుగా పరిగెత్తితే ఆ అదనపు దూరం కూడా అతనికి దక్కాలి. 36 మీటర్లు ముందుకు వెళ్తూ పది మీటర్లు పక్కకు జరిగితే, ఎనిమిదో తరగతి పైథాగరస్ ప్రకారం 37.4 మీటర్లు. పక్కకు ఎంత జరిగాడో తెలుసుకోడానికి బాక్స్ వెడల్పు 40.32 మీటర్లని, మధ్య వృత్తం వ్యాసార్థం 9.15 అని గుర్తుపెట్టుకోండి. గడ్డి చారలు చూసి కొలవాలంటే బాక్స్ లోతులో సరిగ్గా మూడు చారలున్నాయో లేదో చూడండి. ఉంటే ఒక్కోటి 5.5 మీటర్లు.

సాధన చేయడానికి ఒక పరుగు చెప్తాను. 2018 జూన్ 30న కజాన్‌లో అర్జెంటీనా మీద ఎంబాపే సొంత సగంలో బంతి అందుకుని అవతలి బాక్స్ దాకా పోయాడు. రోహో పడేస్తే పెనాల్టీ వచ్చింది, గ్రీజ్‌మన్ గోల్ కొట్టాడు. ఫ్రాన్స్ 4-3తో గెలిచిన మ్యాచ్. ఆ పరుగుకి ఎవరికి తోచిన నంబర్ వాళ్లు చెప్పుకుంటారు. మధ్య గీత, బాక్స్ గీత రెండూ దాటాడు కాబట్టి మీరే లెక్కపెట్టుకోవచ్చు. మీకొచ్చేది సగటు వేగం, టీవీ వాళ్లు వేసే గరిష్ఠ వేగం కంటే తక్కువే ఉంటుంది. మీ సగటుని ఇంకో ఆటగాడి సగటుతోనే పోల్చండి.

కంటితో చూసి తీర్పు ఇవ్వకండి. 2024 నవంబర్ 18న గచ్చిబౌలిలో ఇండియా మలేషియాతో 1-1 డ్రా ఆడినప్పుడు మేం ముగ్గురం స్టాండ్స్‌లో ఉన్నాం. ఆ స్టేడియంలో మైదానం చుట్టూ అథ్లెటిక్ ట్రాక్ ఉంది, ఆటగాళ్లు దూరంగా ఉంటారు, అందరూ నెమ్మదిగా పోతున్నట్టే అనిపిస్తుంది. మన వైపే పరిగెత్తి వచ్చేవాడి వేగం అసలు తెలియదు. పొడుగు కాళ్ల వాన్ డి వెన్ లాంటివాళ్లు అడుగులు తక్కువ వేస్తారు కాబట్టి తీరిగ్గా పోతున్నట్టు కనిపిస్తారు. 2009లో బెర్లిన్‌లో 100 మీటర్లు 9.58 సెకన్లలో పరిగెత్తిన బోల్ట్ ఆ దూరానికి వేసింది 41 అడుగులే. 60 నుంచి 80 మీటర్ల మధ్య అతని వేగం గంటకు 44 దాటింది. ఫుట్‌బాల్ నంబర్ ఎవరైనా 40 అని చెప్తే ఈ 44ని గుర్తుచేసుకుని, ఎలా కొలిచారో అడగండి.

పాత ఆటగాళ్లని ఈ పట్టికలో పెట్టకండి. మా పక్కనే అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం గురించి మా నాన్న చెప్తుంటే కళ్లు తడి అయ్యేవి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టినవాడు, 1962లో రహీం సాబ్ కోచింగ్‌లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నవాడు. ఆ పరుగులకి ఫ్రేమ్ లెక్క లేదు. ఆయన కథ ఆయనకి విడిగా, పూర్తిగా చెప్పుకుందాం. నంబర్ల గొడవలోకి ఈడిస్తే ఆయనకే అన్యాయం.

చివరగా, ఒక్కసారి మీరు పరిగెత్తి చూడండి. లోకల్ గ్రౌండ్ గీతల్ని నమ్మకండి. మేం వెళ్లిన ఒక కాలేజీ గ్రౌండ్‌లో టేపు పెట్టి చూస్తే బాక్స్ లోతు 15 మీటర్లే ఉంది. యాభై మీటర్ల టేపు తీసుకెళ్లి సున్నా, 10, 30 మీటర్ల దగ్గర పరుగు దారికి ఆనించి కర్రలు పాతండి. పక్కన బాగా దూరంగా స్టాండ్ మీద ఫోన్ పెట్టి స్లో మోషన్‌లో తీయండి. నడుము కర్రకి అడ్డం వచ్చిన ఫ్రేమ్ లెక్కలోకి తీసుకోండి. పావుగంట వార్మప్ లేకుండా పరిగెత్తితే తొడ వెనక కండరం పట్టేస్తుంది, జాగ్రత్త. ఒక్కొక్కరికీ మూడు పరుగులు, మధ్యలో ఐదు నిమిషాల విశ్రాంతి.

పోయిన ఆదివారం పొద్దున ఏడింటికి, క్రికెట్ పిల్లలు రాకముందే మేం ఇది చేశాం. మొదటి పది మీటర్లు మేనకోడలు 1.92 సెకన్లలో దాటింది, వాళ్లన్న 2.00. తర్వాతి ఇరవై మీటర్లకి వాడికి 2.45, దానికి 2.70. "చూశావా మామా, నేనే ఫాస్ట్" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. రెండు నంబర్లూ రెండు గళ్లలో రాసి ఇచ్చాను. ఈసారి 36 మీటర్లు కొలిచి కర్రలు పాతాలని అనుకున్నాం.