మీథేన్ లెక్క తేడా కొడుతోందా? సమస్య - పరిష్కారం

వరి పొలాల మీథేన్‌పై ప్రభుత్వ పర్యవేక్షణ ప్రణాళిక తయారుచేసేవాళ్లకీ, దాని కింద పొలంలో కొలతలు తీసేవాళ్లకీ ఇది. అందరి కళ్లూ ముందు ఉపగ్రహం మీదికే పోతాయి. నన్నడిగితే తేడా మొదలయ్యేది మడిలోనే.

సమస్య: కాగితం మీద ఒక అంకె, పొలంలో ఇంకో అంకె

కారణం: ఎక్కడో కొలిచిన ఉద్గార గుణకాన్ని (ఒక హెక్టారు మడి ఎంత మీథేన్ వదులుతుందో చెప్పే అంకె) తెచ్చి మన సాగు విస్తీర్ణంతో గుణించేయడం. ఇది పాత జబ్బే. మన దేశపు వరి పొలాలు ఏటా సుమారు 3.7 కోట్ల టన్నుల మీథేన్ వదులుతున్నాయని 1990 ప్రాంతంలో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్కగట్టింది. 1991లో శాస్త్రవేత్త ఎ.పి. మిత్ర ఆధ్వర్యంలో, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ముందుండి నడిపిన కొలతల్లో తేలింది 40 లక్షల టన్నుల దగ్గర. ఎందుకంటే వానాధార వరి పంటకాలమంతా నీళ్లలో నానదు. పైగా మన నేలల్లో చాలావాటికి సేంద్రియ పదార్థం తక్కువ.

పరిష్కారం: విస్తీర్ణాన్ని నీటి తీరును బట్టి విడగొట్టండి. గోదావరి డెల్టాలో కాలువ కింది సార్వా మడికీ, తెలంగాణలో బోరు కింది యాసంగి మడికీ ఒకే గుణకం వేస్తే మళ్లీ మొదటికే వస్తారు.

సమస్య: ఒకే మడిలో రీడింగులు ఎగుడుదిగుడు

కారణం చాలాసార్లు కొలిచే మనిషి కాలే. బురదలో బుడగలుగా ఇరుక్కున్న మీథేన్ అడుగు పడగానే బుడబుడమంటూ పైకొస్తుంది. మీథేన్‌ను పట్టడానికి వరి దుబ్బుల మీద బోర్లించిన పెట్టెలో మొదటి సిరంజి నమూనాయే బయటి గాలిలో ఉండే సుమారు 1.9 పీపీఎం (పది లక్షల్లో 1.9 వంతులు) కన్నా బాగా ఎక్కువ చూపిస్తే, అనుమానించాల్సింది దీన్నే. ఆ విడత కొట్టేయండి.

పరిష్కారం: గట్టు నుంచి పెట్టె దాకా చెక్క బల్ల వేసి, దాని మీద నుంచే నమూనా తీయండి. పెట్టె అడుగు చట్రాన్ని ముందే దిగేసి ఉంచాలి. చట్రం గాడిలో నీళ్లు తగ్గితే గాలి కారిపోతుంది, రోజూ చూసుకోండి. సాళ్ల మధ్య ఖాళీలో పెట్టె పెడితే అంకె పడిపోతుంది, ఎందుకంటే మీథేన్ ఎక్కువగా బయటికొచ్చేది వరి కాడల్లోని గాలి గొట్టాల గుండానే. పైరు పెరిగేకొద్దీ పెట్టె ఎత్తూ పెంచాలి.

సమస్య: వానాకాలంలో ఉపగ్రహ డేటాలో ఖాళీలు

కారణం మబ్బులు. 2017లో ఎగిరిన సెంటినెల్-5పీ ఉపగ్రహంలోని ట్రోపోమి అనే పరికరానికి మబ్బుల కింది మీథేన్ కనబడదు. మడులు నిండా నీళ్లతో ఉండేది సరిగ్గా అప్పుడే. అది తీసే చిత్రంలో ఒక్కో గడి సుమారు 5.5 × 7 కిలోమీటర్లు కాబట్టి మడీ, పశువుల పాకా, చెత్త డంపూ ఒకే అంకెలో కలిసిపోతాయి.

పరిష్కారం: ఆ నెలలకు నేల మీది కొలతలే ఆధారమని ప్రణాళికలోనే రాసుకోండి. ఒక్క ఉపగ్రహాన్నే నమ్ముకోవద్దు. మీథేన్ కోసమే 2024 మార్చిలో ఎగిరిన మీథేన్‌శాట్ ఉపగ్రహంతో 2025 జూన్‌లో సంబంధాలు తెగిపోయాయి.

సమస్య: నిరుటి అంకెతో ఈ ఏటి అంకె పోల్చలేకపోవడం

కారణం: నమూనాలో మీథేన్ ఎంతుందో కొలిచే యంత్రం గ్యాస్ క్రోమటోగ్రాఫ్ కొనడానికి నిధులిస్తారు, దాన్ని సరిచూసే ప్రామాణిక గ్యాస్ సిలిండర్‌కు ఇవ్వరు. పరిష్కారం: సిలిండర్ ఖర్చును ఏటా వచ్చే పద్దుగా పెట్టించండి. పాతది అయిపోకముందే కొత్తదాన్ని దాంతో పోల్చి, ఆ తేడాను రిజిస్టర్‌లో రాయండి.