కోపం రావడం వేరు, కోప్పడటం వేరు (నర్సింగ్ విద్యార్థులకు భావోద్వేగ పాఠాలు – 5)

ఈ పాఠంలో రోగి బంధువులతో మాట్లాడే పద్ధతి మొదలుపెట్టాల్సింది. దాన్ని తర్వాతి పాఠానికి జరిపాను. నాలుగో పాఠంలో ఇచ్చిన అభ్యాసం చాలామందికి అడ్డం తిరిగింది. అది సరిచేయకుండా ముందుకు వెళ్తే లాభం లేదు.

పోయినసారి ఒక్క పనే చెప్పాను. డ్యూటీ అయ్యాక, ఆ రోజు మీకు కలిగిన భావానికి పేరు పెట్టి ఒక వాక్యం రాయమన్నాను. మీరు రాసినవి ఇలా ఉన్నాయి: "సిస్టర్ నన్ను అందరి ముందూ చులకన చేశారనిపించింది." "నాకు రాదని తెలిసే ఆ కేసు నాకిచ్చారనిపించింది." "నన్ను లెక్క చేయట్లేదని ఫీలయ్యాను."

వీటిలో ఒక్కదాంట్లోనూ భావం లేదు. మూడూ ఎదుటివారి మనసులో ఏముందో మీరు వేసిన అంచనాలు.

ఇక్కడ నన్ను కాస్త సాగదీసి చెప్పనివ్వండి. ప్రతి బ్యాచ్ ఇక్కడే పడుతుంది, పడినట్టు కూడా తెలియదు. మన "అనిపించింది" అనే మాట రెండు పనులు చేస్తుంది. "భయంగా అనిపించింది" అంటే మీ లోపల జరిగింది చెబుతున్నారు. "కావాలనే చేశారనిపించింది" అంటే అవతలి మనిషి ఉద్దేశం మీద తీర్పు చెబుతున్నారు. రెండూ ఒకే మాటతో ముగుస్తాయి కాబట్టి తీర్పు కూడా భావంలాగే కనిపిస్తుంది. గుర్తుపట్టడానికి నేను వాడే పద్ధతి ఇది: "అనిపించింది"కి ముందు "అని" వినిపిస్తే అది ఆలోచన. "గా" వినిపిస్తే, అంటే సిగ్గుగా, భయంగా, చిరాగ్గా, దిగులుగా అని వస్తే, అది భావం. ఇందులోనూ ఒక దొంగదారి ఉంది. "నన్ను పక్కన పెట్టినట్టుగా అనిపించింది" అని రాశారొకరు. చివర్లో "గా" ఉంది కదా అనుకోవద్దు. "నట్టుగా" వస్తే అది మళ్లీ అంచనాయే. పక్కన పెట్టారో లేదో అవతలివాళ్లను అడిగితే గానీ తెలియదు. మీకు కలిగిన దిగులు మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు.

ఇంత పట్టింపు ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను. ఒక విద్యార్థిని కాన్యులా (మందులు ఎక్కించడానికి సిరలో పెట్టే సన్నని గొట్టం) పెట్టడానికి రెండుసార్లు ప్రయత్నించింది, సిర దొరకలేదు. పక్కనున్న సీనియర్ "ఇటివ్వు" అని ట్రే తీసుకుంది. ఆ క్షణంలో విద్యార్థినికి కలిగింది సిగ్గు. రోగికి నొప్పి కలిగించానన్న బాధ కూడా ఉంది. కానీ పుస్తకంలో రాసింది "పేషెంట్ ముందు నా పరువు తీయాలనే అలా చేసింది" అని. సిగ్గు అని రాసి ఉంటే తర్వాతి పని కనిపించేది: రేపు ఎవరినైనా పక్కన నిలబెట్టుకుని మళ్లీ నేర్చుకోవడం. రెండుసార్లు కుదరకపోతే అనుభవం ఉన్నవారికి అప్పగించడం చాలాచోట్ల ఉన్న పద్ధతేనన్న సంగతీ గుర్తొచ్చేది. "పరువు తీసింది" అని రాసుకున్నాక మిగిలేది ఒకటే, సీనియర్ మీద కోపం. సీనియర్‌ని ఏమీ అనలేదు కాబట్టి అది మధ్యాహ్నం ఒక మొదటి సంవత్సరం అమ్మాయి మీద పడింది. గ్లవ్స్ డబ్బా ఖాళీగా ఉందన్నది వంక మాత్రమే.

1992లో ఆర్నాల్డ్ బస్, మార్క్ పెర్రీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 29 వాక్యాలతో దూకుడును కొలిచే ప్రశ్నావళి తయారుచేశారు. నర్సింగ్ విద్యార్థుల మీద చేసే పరిశోధనల్లోనూ దాన్ని వాడుతుంటారు. అందులో నాలుగు భాగాలున్నాయి: చేయి చేసుకోవడం, మాట విసరడం, కోపం, వైరభావం. కోపం భావం. మొదటి రెండూ పనులు. వైరభావం ఆలోచన, పైన చెప్పిన "అని" వాక్యాలన్నీ దాని కిందికే వస్తాయి. ఈ తేడా మన భాషలోనే ఉంది. కోపం "వస్తుంది", అది మన చేతిలో లేదు. "కోప్పడటం" మనం చేసే పని.

ఇంకొందరు పాఠాన్ని పూర్తిగా తిరగేసి అర్థం చేసుకున్నారు. కోపం రాకూడదన్నానని అనుకుని వారమంతా పళ్ల బిగువున నెట్టుకొచ్చారు. నేను అలా చెప్పలేదు. భావాన్ని ముఖంలో కనబడకుండా అణచుకుంటే లోపల శరీరంలో టెన్షన్ తగ్గదని, పైగా ఆ సమయంలో విన్నవి సరిగా గుర్తుండవని జేమ్స్ గ్రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం చేసిన ప్రయోగాల్లో తేలింది. నాకిది స్వయంగా తెలుసు. విద్యార్థిగా ఉన్నప్పుడు ఒకరోజు మాటపడి, ముఖం మామూలుగా ఉంచుకోవడం మీదే ధ్యాసంతా పెట్టి హ్యాండోవర్ (డ్యూటీ మారేటప్పుడు రోగుల వివరాలు అప్పగించడం) విన్నాను. ఒక రోగికి షుగర్ మళ్లీ చూడాలన్న మాట నా చెవికెక్కలేదు. తర్వాతి డ్యూటీ సిస్టర్ కేస్ షీట్ చూసి పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది.

ఊపిరి నెమ్మదిగా పీల్చి వదలడం గురించి రాయను, అది మీకు తెలుసు. వార్డులో నాకు పనికొచ్చింది చేతులు కడుక్కోవడం. సబ్బుతో సరిగ్గా కడగడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే సమయం 40 నుంచి 60 సెకన్లు. అంతసేపు మిమ్మల్ని ఎవరూ ఎందుకు నిలబడ్డావని అడగరు. ఆ సమయంలో "గా" మాట ఒకటి మనసులో అనుకోండి. జరిగిన గొడవను మళ్లీ తిప్పుకోవద్దు, తిప్పుకుంటే కోపం పెరుగుతుంది.

ఒకటి స్పష్టంగా చెప్పాలి. ఇది సహించమని చెప్పే పాఠం కాదు. ఎవరైనా చేయి చేసుకున్నా, బెదిరించినా, పదేపదే అవమానించినా భావాల పుస్తకం పక్కన పెట్టి అదే రోజు ట్యూటర్‌కి రాతపూర్వకంగా చెప్పండి. చిన్నవాటికి ముందే తయారుగా ఉన్న మాట సాయపడుతుంది. మార్తా గ్రిఫిన్ అనే నర్సు 2004లో ప్రచురించిన అధ్యయనంలో 26 మంది కొత్త నర్సులకు ఇలాంటి జవాబులు రాసిన కార్డులిచ్చి ముందే సాధన చేయించారు. నా కార్డు మీద ఉండే వాక్యం ఇది: "మీరు చెప్పింది నాకు పూర్తిగా అర్థం కాలేదు. పక్కకు వచ్చి మాట్లాడదామా?" మీది మీరు రాసుకోండి, మీ నోటికి అలవాటైన మాటల్లోనే.

అభ్యాసం: పాత వాక్యాలన్నీ తిరగరాయండి. ఒక్కోదానికి మూడు వరుసలు: కంటితో చూసింది, "గా" మాట, "అని" మాట. తర్వాత మీరు ఈ నెలలో ఎవరి మీద అనవసరంగా కోప్పడ్డారో ఆ ఒక్కరి దగ్గరికి వెళ్లి, మొదటి రెండు వరుసలు మాత్రమే చెప్పండి. మూడోది చెప్పొద్దు. కష్టమని తెలుసు, అయినా ఇది వదిలేయకండి. ఫోన్‌లో కాకుండా కాగితం మీద రాయండి. రోగుల పేర్లు, బెడ్ నంబర్లు ఎక్కడా రాయకూడదు.